పళ్ళ సెట్టుకి డబ్బు కట్టే ముందు

అమ్మడూ,

మీ అమ్మకి కట్టుడు పళ్ళు పెట్టిద్దామని మూడు చోట్ల కనుక్కుంటే ముగ్గురూ మూడు ధరలు చెప్పారన్నావు. ఒకరు 14,000 అన్నారు, ఇంకొకరు 45,000 అన్నారు, మూడో ఆయన ఇంప్లాంట్లు వేయిస్తేనే మంచిది, నాలుగు లక్షల దాకా అవుతుందన్నారు. "వీళ్ళలో ఎవరు మనల్ని ముంచుతున్నారు మావయ్యా?" అని అడిగావు. ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు తల్లీ. వాళ్ళు చెప్పింది మూడు వేరు వేరు పనుల ధర. పళ్ళ ల్యాబులో మైనం మీద పళ్ళు పేర్చడమే బతుకుతెరువుగా బతికినవాణ్ణి నేను. ఆ అంకెల వెనక ఏముందో విడమరిచి చెబుతాను, ఓపిగ్గా చదువు. రేపు ఏ డాక్టరు ముందు కూర్చున్నా ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

మొదట ఒక సంగతి. పళ్ళ సెట్టు దర్జీ కుట్టే జాకెట్టు లాంటిది. గుడ్డ ఖరీదు కొంతే, కొలత సరిగ్గా తీసి ఒంటికి అతికేలా కుట్టడంలోనే అంతా ఉంది. సెట్టులో వాడే గులాబీరంగు ప్లాస్టిక్కు, అందులో పైన పద్నాలుగు, కింద పద్నాలుగు కూర్చే పళ్ళు, వీటి సరుకు ఖరీదు మీరు కట్టే డబ్బులో చిన్న భాగం. మిగతాదంతా డాక్టరు చేతిపని, ల్యాబు చేతిపని, మీ అమ్మ ఆ కుర్చీలో కూర్చునే సమయం. ధర బాగా తగ్గిందంటే సాధారణంగా ఈ మూడింట్లోనే ఏదో ఒకటి కోసేసి ఉంటారు.

పద్ధతిగా చేసే సెట్టుకి మామూలుగా నాలుగైదుసార్లు వెళ్ళాలి. మొదటిసారి ట్రేలో మెత్తటి ముద్ద పెట్టి దవడ అచ్చు తీస్తారు. దాంట్లో ప్లాస్టర్ పోసి నమూనా చేసి, ఆ నమూనా మీద మీ అమ్మ నోటికి మాత్రమే సరిపోయే ట్రే ఒకటి తయారుచేస్తాం. రెండోసారి ఆ ట్రే అంచుల వెంట మైనపు పుల్ల కరిగించి పెట్టి, బుగ్గలు లాగి, పెదవులు కదిపి, నాలుక బయటపెట్టమని అంచుల్ని తీరుస్తారు. ఆ తర్వాత పల్చటి ముద్దతో అసలు కొలత తీస్తారు. సెట్టు నోట్లో పట్టుకుని ఉంటుందా, మాట్లాడుతుంటే ఊడి వస్తుందా అన్నది ఈ రెండో కొలతే తేలుస్తుంది. చవక పనుల్లో మొట్టమొదట ఎగిరిపోయేదీ ఇదే. "డాక్టరుగారూ, కొలత రెండుసార్లు తీస్తారా?" అని నువ్వు అడిగితే చాలు, సగం సంగతి బయటపడుతుంది.

మూడోసారి మైనపు దిమ్మలు పెట్టి పై దవడ, కింద దవడ ఎంత ఎత్తులో, ఎక్కడ కలవాలో చూస్తారు. ఆ ఎత్తు తగ్గితే ముఖం ముడుచుకుపోతుంది, గడ్డం ముక్కు దగ్గరకొచ్చినట్టు కనబడుతుంది. ఎక్కువైతే పెదవులు మూతపడవు, దవడలు నొప్పెడతాయి, మాట్లాడితే పళ్ళు టకటకమంటాయి.

నాలుగోసారి ట్రయల్. ఆ రోజు నువ్వు తప్పకుండా పక్కన ఉండు. మైనం మీద పళ్ళు పేర్చి మేం పంపిన సెట్టుని నోట్లో పెట్టి అమ్మ చేతికి అద్దం ఇస్తారు. పళ్ళున్న రోజుల్లో మీ అమ్మ నవ్వుతూ దిగిన పాత ఫొటో ఒకటి తీసుకెళ్ళు. ముందు పళ్ళ పొడవు, పెద్దవా చిన్నవా, రంగు ఎలా ఉండాలి, ఆ ఫొటోలో కనబడుతుంది. మరీ తెల్లటి పళ్ళు అడగొద్దు. డెబ్బై ఏళ్ళ ముఖంలో పాలతెలుపు పళ్ళు దూరం నుంచే పెట్టుడు పళ్ళని తెలిసిపోతాయి. సున్నుండ, సీసా, ఫోను అని నాలుగు మాటలు పైకి అనమను. "స" దగ్గర ఈల వేసినట్టు వచ్చినా, "ఫ" దగ్గర పై పళ్ళు కింద పెదవిని సరిగ్గా తాకకపోయినా అప్పుడే చెప్పండి. మైనంలో ఉన్నంతవరకూ స్పిరిట్ దీపం మీద కత్తి వేడిచేసి ఏ పన్నైనా ఇట్టే జరుపుతాం. ఉడికి ప్లాస్టిక్ అయ్యాక పన్ను జరపాలంటే పని మళ్ళీ మొదటికొస్తుంది. మొహమాటపడి "బాగానే ఉందండీ" అనేసి ఇంటికొచ్చి బాధపడేవాళ్ళే ఎక్కువ. మీ అమ్మ సంగతి నాకు తెలుసు, ఎవరి ముందూ నోరు విప్పదు. ఆ రోజు ఆవిడ తరఫున నువ్వే మాట్లాడు.

ట్రయల్ ఓకే అన్నాక మైనపు సెట్టుని ప్లాస్టర్‌లో పూడ్చి, వేడినీళ్ళతో మైనం కరిగించి, ఆ ఖాళీలో అక్రిలిక్ ముద్ద నొక్కి, గంటల తరబడి వేడినీళ్ళలో ఉడకబెడతాం. తొందరపడి ఉడికిస్తే లోపల బుడగలు పడతాయి, చల్లారకముందే తీస్తే సెట్టు వంకరపోతుంది. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో కంప్యూటర్ పెట్టి మిషను మీద చెక్కే సెట్లు, త్రీడీ ప్రింట్ చేసే సెట్లు కూడా వచ్చాయి. వాటితో వెళ్ళాల్సిన సార్లు తగ్గుతాయి. అయినా కొలత తప్పితే మిషను కూడా తప్పు సెట్టే చేసిపెడుతుంది.

ఇక డబ్బు లెక్కలోకి వద్దాం. సెట్టుకి ముందు, సెట్టుకి, సెట్టు తర్వాత అని ఖర్చుని మూడు భాగాలు చేసి కాగితం మీద రాయించుకో. ఆ కాగితం లేకుండా ఏ రెండు ధరల్నీ పోల్చి చూడలేవు.

ముందు ఖర్చంటే ఎక్స్‌రే, పాడైన పళ్ళు తీయడం, అవసరమైతే ఎముక అంచులు చదును చేయడం. పన్ను తీయడానికి చాలా చోట్ల పన్నుకింత అని లెక్క కడతారు. మీ అమ్మకి షుగర్ ఉంది కాబట్టి ముందు అది అదుపులో ఉందో లేదో చూపించండి, లేకపోతే గాయం త్వరగా మానదు. గుండెకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పన్ను తీయించుకోవడానికని సొంతంగా ఆపనివ్వకు. ఆ సంగతి పళ్ళ డాక్టరుకి చెప్పి, గుండె డాక్టరునీ అడగాలి.

మీ అమ్మకి కింద ముందువైపు నాలుగైదు పళ్ళు ఇంకా ఉన్నాయి కదా. "ఎలాగూ సెట్టు పెడుతున్నాం, అన్నీ పీకేద్దాం" అని ఎవరైనా అంటే ఒక్క క్షణం ఆగు. కోరపళ్ళ వేళ్ళు గట్టిగా ఉంటే వాటికి రూట్ కెనాల్ చేసి, పొట్టిగా అరగదీసి, వాటి మీదే సెట్టు కూర్చోబెట్టొచ్చు. పన్ను వేరు ఉన్నచోట దవడ ఎముక అరగడం తగ్గుతుంది, కింద సెట్టుకి పట్టూ దొరుకుతుంది. ఇది అందరికీ కుదరదు. వేళ్ళు కదులుతుంటే, చీము పట్టి ఉంటే తీయించడమే మంచిది. కానీ "వీటిలో ఏదైనా కాపాడుకోవచ్చా?" అని అడగకుండా మాత్రం పీకించొద్దు.

పళ్ళు తీశాక చిగుళ్ళు మాని, ఎముక కుదురుకోవడానికి రెండు మూడు నెలలు ఆగమంటారు. ఆగలేనివాళ్ళకి పళ్ళు తీసిన రోజే పెట్టే సెట్టు కూడా ఉంది. అది ముఖం బోసిపోకుండా కాపాడుతుంది గానీ, మానే కొద్దీ చిగురు తగ్గిపోతుంది కాబట్టి కొన్ని నెలల్లోనే వదులవుతుంది. అప్పుడు లోపలివైపు సరిచేయించడమో, కొత్తది చేయించడమో తప్పదు. అంటే రెండోసారి ఖర్చు. ఈ మాట ముందే చెప్పే డాక్టరు మంచి డాక్టరు.

ఇప్పుడు సెట్టు ధర. మన ఊళ్ళలో మామూలు అక్రిలిక్ సెట్టు, పైనా కిందా కలిపి, ప్రైవేటు క్లినిక్కులో సుమారుగా 12,000 నుంచి 30,000 దాకా ఉంటుంది. హైదరాబాద్ లాంటి చోట, కట్టుడు పళ్ళలోనే ఎం.డి.ఎస్. చేసిన ప్రోస్థోడాంటిస్టు దగ్గర, మంచి రకం పళ్ళతో 40,000, 50,000 దాటినా ఆశ్చర్యపోకు. ఆ తేడాలో కొంత అద్దెకీ ఏసీకీ పోతుంది, కొంత నిజంగా పనికే పోతుంది. ఎక్కువ డబ్బు ఎక్కడ పెడితే దండగ కాదో చెబుతాను. మొదటిది, అనుభవం ఉన్న చెయ్యి. రెండోది, త్వరగా అరగని గట్టిరకం పళ్ళు. చవకరకం పళ్ళు కొన్నేళ్ళకే నున్నగా అరిగిపోయి నమిలితే జారుతాయి. మూడోది, పై సెట్టు పగలకుండా హై ఇంపాక్ట్ అక్రిలిక్కో, లోపల సన్నటి లోహపు జాలో. పై సెట్లు ఎక్కువగా నట్టనడుమ నిలువునా పగులుతాయి, మా దగ్గరికి రిపేరుకొచ్చేవి చాలామటుకు అవే.

ఇక ఫ్లెక్సిబుల్ సెట్టని ఒకటి చెబుతారు. మెత్తగా వంగుతుంది, తీగలు కనబడవు, చూడ్డానికి బాగుంటుంది. కొన్ని పళ్ళు మాత్రమే పోయినవాళ్ళకి అది పనికొస్తుంది. మొత్తం పళ్ళు పోయినవాళ్ళకి దానివల్ల పెద్ద ఒరిగేదేమీ లేదు. వదులైనా, పగిలినా దాన్ని బాగుచేయడం కష్టం. కొన్ని పళ్ళే పోయి, మిగతావి గట్టిగా ఉన్నవాళ్ళకైతే లోహంతో పోతపోసిన సన్నటి సెట్టు మేలు. డబ్బు ఎక్కువే గానీ పల్చగా ఉండి నోట్లో అడ్డం అనిపించదు, ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంప్లాంట్ల సంగతి. దవడ ఎముకలో టైటానియం మర బిగించి, దాని మీద పన్ను నిలబెడతారు. ఒక్కో ఇంప్లాంటుకి పైన పన్నుతో కలిపి 25,000 నుంచి 45,000 దాకా, కొన్ని కంపెనీలవైతే ఇంకా ఎక్కువ కూడా తీసుకుంటారు. నోరంతా కదలని పళ్ళు కావాలంటే ఒక్కో దవడకి నాలుగో ఆరో ఇంప్లాంట్లు కావాలి. నీకు చెప్పిన నాలుగు లక్షలు ఆ లెక్కే. అందులో మోసమేమీ లేదు. కానీ మీ అమ్మకి అది ఒక్కటే దారి కాదు.

అసలు కష్టమంతా కింద సెట్టుతోనే ఉంటుంది అమ్మడూ. పై సెట్టు అంగిలంతా పరుచుకుని గాలి పట్టుతో అతుక్కుంటుంది. కింద దవడలో సెట్టు కూర్చునే చోటు పైదాంట్లో సుమారు సగమే. మధ్యలో నాలుక ఊరికే ఉండదు, తోస్తూనే ఉంటుంది. పైగా పళ్ళు పోయాక కింద ఎముక పైదానికన్నా నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలు తీసి కొలిచినవాళ్ళు తేల్చారు. అందుకే "పైది బాగానే ఉంది, కిందదే నిలవట్లేదు" అని అందరూ ఒకే మాట అంటారు. కింద ముందువైపు రెండు ఇంప్లాంట్లు మాత్రం వేసి, సెట్టుకి లోపల గుండీల్లాంటివి పెట్టి ఇంప్లాంట్ల మీద నొక్కితే టక్కున కూర్చుంటుంది, రాత్రిపూట తీసుకోవచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో నిపుణులు సమావేశమై, పళ్ళన్నీ పోయిన కింద దవడకి ఈ రెండు ఇంప్లాంట్ల సెట్టునే మొదటి ఎంపికగా చూడాలన్నారు. ఖర్చు మామూలు సెట్టు మీద లక్ష వరకూ అదనం కావొచ్చు గానీ నాలుగు లక్షల దాకా పోదు. నా సలహా ఏంటంటే, ముందు మంచి మామూలు సెట్టు చేయించి ఆర్నెల్లు వాడనివ్వు. కిందది ఎంతకీ కుదరకపోతే అప్పుడు రెండు ఇంప్లాంట్ల సంగతి చూడొచ్చు, చాలాసార్లు అదే సెట్టుని వాటికి అమర్చుకోవచ్చు కూడా. మొదటిరోజే లక్షలకి సంతకం పెట్టొద్దు. నెలవారీ వాయిదాలు ఇస్తామంటే వడ్డీ ఎంతో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడిగి మొత్తం ఎంతవుతుందో కూడి చూసుకో.

తర్వాత ఖర్చు గురించి ఎవరూ అడగరు, చాలామంది చెప్పరు. సెట్టు పెట్టాక మొదటి కొన్ని వారాల్లో ఒరుసుకుపోయిన చోట్ల అరగదీయించుకోవడానికి మళ్ళీ వెళ్ళాలి. అవి ధరలోనే ఉన్నాయా, వెళ్ళిన ప్రతిసారీ ఫీజు కట్టాలా? ఒకటి రెండేళ్ళకి ఎముక తగ్గి వదులైతే లోపలివైపు కొత్త పొర వేయించాలి, దాన్ని రీలైనింగ్ అంటారు. దానికెంత? కిందపడి పగిలితే అతికించడానికెంత? మామూలుగా ఒక సెట్టు ఐదు నుంచి ఏడెనిమిదేళ్ళు పనిచేస్తుంది. సెట్టు, రీలైనింగు, అన్నీ కలిపి 24,000 అయ్యాయనుకో, ఆరేళ్ళు వాడితే ఏడాదికి 4,000, నెలకి 350 లోపే. అదే 8,000 పెట్టి చేయించిన సెట్టు కుదరక బీరువాలో పడి ఉంటే, ఆ 8,000 పూర్తిగా దండగ, మళ్ళీ కొత్తదానికి ఖర్చు. చవకా ఖరీదా అన్నది సెట్టు నోట్లో ఎన్నేళ్ళుందో చూసి తేల్చాలి.

డబ్బుకి ఇబ్బందిగా ఉన్నవాళ్ళకి కూడా మంచి దారులున్నాయి, ఇది నీకు తెలిసినవాళ్ళందరికీ చెప్పు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి ఉన్నాయి. అక్కడ నామమాత్రపు ఖర్చుతో కట్టుడు పళ్ళు చేస్తారు. గుంటూరు, భీమవరం, నెల్లూరు, ఖమ్మం లాంటి చోట్ల ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్కుల కన్నా బాగా తక్కువకే అవుతుంది. విద్యార్థులు చేస్తారని భయపడొద్దు. ప్రతి మెట్టు దగ్గరా పైన ప్రొఫెసరు చూసి సరే అంటేనే ముందుకెళ్ళనిస్తారు, కొలత రెండుసార్లు తీయడం, ట్రయల్ చూడటం అక్కడ ఎవరూ ఎగ్గొట్టరు. డబ్బు తగ్గిన చోట సమయం పెట్టాలి, అంతే. ఎక్కువసార్లు తిరగాలి, ప్రతిసారీ చాలాసేపు కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అదొక్కటే కష్టం, తోడు వెళ్ళే మనిషి ఉంటే అదీ గట్టెక్కుతుంది. కర్ణాటకలో ఉన్న మనవాళ్ళకి, దారిద్ర్యరేఖకి దిగువనున్న పెద్దవాళ్ళకి ఉచితంగా పళ్ళ సెట్లు ఇచ్చే దంతభాగ్య పథకం అక్కడి ప్రభుత్వం తెచ్చింది. బళ్ళారిలోనో కోలారులోనో బంధువులుంటే కనుక్కోమను.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. మన దగ్గర మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఉద్దేశించినవి, ప్రమాదంలో పోయిన పళ్ళకి తప్ప కట్టుడు పళ్ళకి సాధారణంగా ఇవ్వవు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు "అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు చేయిద్దాం" అన్నాడట. వద్దను. అక్కడ పళ్ళ వైద్యం మనకన్నా ఎన్నో రెట్లు ఖరీదు, అక్కడి ముసలివాళ్ళకే ప్రభుత్వ బీమా అయిన మామూలు మెడికేర్ కట్టుడు పళ్ళ ఖర్చు ఇవ్వదు. పైగా సెట్టు పెట్టాక సర్దుబాట్లకి అదే డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ప్రయాణానికి కనీసం రెండు మూడు నెలల ముందే ఇక్కడ పూర్తిచేసి, అలవాటయ్యాకే విమానం ఎక్కించండి.

ఎవరి దగ్గరికి వెళ్ళకూడదో కూడా చెప్పాలి. బస్టాండుల దగ్గర, సంతల్లో "గంటలో ఫిక్స్‌డ్ పళ్ళు" అని బోర్డు పెట్టుకుని కూర్చునేవాళ్ళున్నారు. వాళ్ళు ప్లాస్టిక్ పొడీ ద్రవమూ కలిపి పచ్చిగానే నోట్లో పోసి, పక్క పళ్ళకి తీగ చుట్టి బిగిస్తారు. ఆ పచ్చి ద్రవం చిగురుని కాలుస్తుంది. బిగించిన పన్ను తీసి కడగడానికి ఉండదు, కింద మెతుకులు కుళ్ళి, బాగున్న పక్క పళ్ళు కూడా ఊగిపోతాయి. అంగిలి మధ్యలో రబ్బరు బిళ్ళ పెట్టి "ఇక ఊడనే ఊడదు" అని ఇచ్చే సెట్లు కొందరికి అంగిలిని కొరికి రంధ్రం చేసేశాయి. చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే రోగి నోట్లో చెయ్యి పెట్టాలి. నాలాంటి ల్యాబు మనిషి కూడా పెట్టకూడదు. "మన మావయ్యే కదా, ఇంట్లోనే చేసిపెట్టమందాం" అని మీ అమ్మ అంటుంది, ఒప్పుకోకు. నా పని నమూనా మీద, డాక్టరు పని నోట్లో.

సెట్టు వచ్చిన మొదటి నెల ఓర్పుగా గడపాలి. నోరంతా ఏదో కుక్కినట్టుంటుంది, లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, మాట తడబడుతుంది. ఇవన్నీ కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. మొదట మెత్తటి అన్నం, ఉడికిన కూరలు, ఇడ్లీ పెట్టు. చిన్న ముక్కలు రెండు వైపులా సమంగా నమలమను, ఒకే వైపు నమిలితే రెండోవైపు సెట్టు లేస్తుంది. సొంత పళ్ళతో నమిలే బలంలో కట్టుడు పళ్ళతో నాలుగోవంతో ఐదోవంతో వస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే చేగోడీలు కొరకలేకపోయానని బాధపడరు. జామకాయ కొరకొద్దు, కోసుకుని తినాలి. గోంగూర పచ్చడి, పప్పన్నం, ఉడికిన వేరుశనగలు హాయిగా తినొచ్చు.

ఎక్కడైనా ఒరుసుకుపోతే రెండు మూడు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. వెళ్ళేముందు కొన్ని గంటలు సెట్టు పెట్టుకుని ఉండమను, ఎక్కడ నొక్కుతోందో ఆ ఎర్రమచ్చ చూస్తేనే డాక్టరు సరిగ్గా అరగదీయగలడు. ఇంట్లో ఆకురాయి, చాకు పట్టుకుని ఎవ్వరూ దాన్ని గీకకండి, అతుకుడు జిగురు పూయకండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే అది. రెండు వారాలైనా మానని పుండు ఏదైనా ఉంటే వెంటనే చూపించాలి. మీ అత్తగారిది శ్రీకాకుళం వైపు కదా. అక్కడ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే పెద్ద ఆడవాళ్ళ అంగిలి మీద మచ్చలు, పుళ్ళు వస్తాయనీ, అవి కొందరిలో క్యాన్సర్ అవుతాయనీ వైద్యులు చాలా ఏళ్ళుగా హెచ్చరిస్తున్నారు. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి ఆ వైపు పెద్దవాళ్ళకెవరికి సెట్టు చేయించినా ముందు అంగిలి పరీక్ష చేయించాల్సిందే.

రాత్రి పడుకునేముందు సెట్టు తీసి, మెత్తటి బ్రష్షుతో, సబ్బుతో కడిగి, మామూలు నీళ్ళ గిన్నెలో వేయాలి. టూత్‌పేస్టు వాడితే గీతలు పడి వాటిలో పాచి పట్టేస్తుంది. వేడినీళ్ళలో వేస్తే సెట్టు వంకరపోతుంది. కడిగేటప్పుడు సింకులో తువ్వాలు పరవమను, చేతిలోంచి జారినా పగలదు. చిగుళ్ళకి కూడా రాత్రి విశ్రాంతి కావాలి, లేకపోతే అంగిలి ఎర్రగా కంది పూత వస్తుంది. సెట్టుకి మూత ఉన్న డబ్బా ఒకటి ఉండాలి. పెళ్ళి భోజనాల్లో కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టి మర్చిపోయినవాళ్ళు, ఆసుపత్రిలో ఆపరేషనుకి ముందు తీసి దిండు కింద పెట్టి పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. పోయిన సెట్టుకి మళ్ళీ మొత్తం డబ్బు పోయాల్సిందే. అందుకే ల్యాబువాళ్ళని అడిగి లోపలివైపు ఇంటిపేరు చిన్నగా రాయించు, పెద్ద కష్టమేం కాదు.

ఇంత చెప్పినా మీ అమ్మ ఒక్క మాటతో కొట్టిపారేస్తుంది: "ఇంకెన్నాళ్ళు బతుకుతానని నాకు పళ్ళు? ఆ డబ్బు పిల్లల చదువుకి ఉంచండి." చిన్నప్పుడు మా ఇంట్లో కూడా అంతే, తనకి రావాల్సింది ముందు వదులుకునేది అదే. ఆ మాటకి నువ్వు లొంగొద్దు. పళ్ళు లేక ఆవిడ ఇప్పుడు ఏం తింటోందో ఒకసారి గమనించు. మజ్జిగన్నం, చారన్నం, రొట్టె పాలలో నానబెట్టి. కూరగాయలు పక్కకి తోసేస్తోంది, పప్పులు, వేరుశనగలు మానేసింది. మెత్తటి అన్నమే తింటుంటే షుగర్ కూడా అదుపులో ఉండదు. నలుగురిలో కూర్చుంటే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నువ్వు చూడలేదా? పేరంటానికి పిలిచినా ఈమధ్య వెళ్ళట్లేదు. దీన్ని అందం కోసం పెట్టే ఖర్చుగా చూడొద్దు, ఆరోగ్యానికి పెట్టే ఖర్చిది. నెలకి మూడొందల యాభై లోపు లెక్క నేను రాశానే, అది ఆవిడకి చూపించి చెప్పు. పెద్ద అంకె విని భయపడే మనిషి చిన్న అంకెకి ఒప్పుకుంటుంది. డబ్బు నువ్వూ మీ తమ్ముడూ చెరిసగం వేసుకోండి, కానీ ఎవరెంత ఇచ్చారో ఆవిడ చెవిన పడనివ్వకండి. తన వల్ల పిల్లలకి ఖర్చయిందనుకుంటే ఆ పళ్ళు పెట్టుకున్నా తృప్తిగా తినదు.

సరే, ఈ శనివారం అమ్మని తీసుకుని 45,000 చెప్పిన డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. కొలత రెండుసార్లు తీస్తారా, మైనం మీద ట్రయల్ ఉంటుందా, కింద కోరపళ్ళు కాపాడుకోవచ్చా, ఏ రకం పళ్ళు వేస్తారు, తర్వాతి సర్దుబాట్లు ధరలోనే ఉన్నాయా, రీలైనింగుకి ఎంత అని అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకో. ఆ కాగితం పట్టుకుని 14,000 చెప్పిన డాక్టరునీ అవే ప్రశ్నలు అడుగు. అన్నిటికీ ఔనన్నాడంటే, చేతిపని మంచిదని అక్కడ చేయించుకున్నవాళ్ళు చెబితే, నిశ్చింతగా అక్కడే చేయించు, మిగిలిన డబ్బు రీలైనింగుకి దాచు. ప్రశ్నలడిగితే విసుక్కునే చోట మాత్రం ఎంత చవకైనా చేయించకు. రెండు కాగితాలూ ఫొటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను. మీ అమ్మకి మంచి పళ్ళు అమరాలి, మనమంతా కూర్చుని తినే సంక్రాంతి భోజనంలో ఆవిడకి వేరేగా మెత్తగా వండి పెట్టాల్సిన పని లేకుండా పోవాలి.

ఆశీస్సులతో,
మీ మావయ్య